బొగ్గుకి నొప్పి లేదట

“మళ్ళీ అయిపోయిందా!” కూతురు ఖాళీ ట్యూబుని వెలుగుకేసి పట్టి చూసింది. “మొన్ననేగా తెచ్చాను నాన్నా! మందు రాస్తున్నావా, రొట్టెకి వెన్న పూస్తున్నావా?”

దర్జీ కుట్టుమిషను ముందు కూర్చుని ఎవరిదో చొక్కాకి గుండీలు కుడుతున్నాడు. తలెత్తలేదు.

“బొగ్గు కాలు పెద్దదమ్మా,” అన్నాడు.

బొగ్గు అంటే ఆయన కాళ్ళ దగ్గర ముడుచుకుని పడుకున్న నల్లకుక్క. కూతురు దాన్ని వీధిలోంచి ఎత్తుకొచ్చిన రోజు ఇల్లు పీకి పందిరేసిన మనిషే, నాలుగు నెలలు తిరిగేసరికి తన మాటలన్నీ దానికి అప్పగించేశాడు. ఆయన భార్య ఆసుపత్రికి నడిచి వెళ్ళి తిరిగి రాలేదు. అప్పట్నుంచి ఆయన ఆసుపత్రి గుమ్మం తొక్కలేదు, ‘నాకు’ అన్న మాట నోట రానివ్వలేదు. “బొగ్గుకి చలేస్తోందట” అంటే కూతురు కిటికీ మూసేది. “బొగ్గుకి టీ తాగాలనుందట” అంటే నవ్వుకుంటూ గిన్నె పొయ్యి మీద పెట్టేది.

“పంచదార వెయ్యనా దానికి?”

“వద్దొద్దు. దానికి షుగరుందిగా.”

అదీ వాళ్ళ వరస.

కాలి గొడవకి కారణం మాత్రం కూతురే. ఆ సంగతే ఆమెని లోలోపల తినేస్తోంది. షికారుకి తీసుకెళ్ళినప్పుడు బొగ్గు వేళ్ళ సందున గాజుముక్క గుచ్చుకుంది. ముక్క లాగి పారేసి, అంతటితో సరిపోయిందనుకుంది. అది పొద్దస్తమానం పంజా నాకుతూ కూర్చుంటే ‘ఏం పాడలవాటే నీకు’ అని కసురుకుంది కూడా. వారం తిరిగేసరికి వేళ్ళ మధ్య ఎర్రగా వాచి చీము పట్టింది.

తండ్రీకూతుళ్ళిద్దరూ దాన్ని పశువుల డాక్టరమ్మ దగ్గరికి మోసుకెళ్ళారు.

“వారం ముందు రావాల్సింది,” అంది ఆవిడ. “ఎముకకి పాకితే వేలు తీసెయ్యాలి. ఇంకా ముదిరితే కాలే.”

కూతురు అక్కడే ఏడ్చేసింది. దర్జీ మాత్రం గుచ్చి గుచ్చి అడిగాడు.

“ముదిరిందని ఎలా తెలుస్తుందండీ?”

“వాసనొస్తుంది. నల్లబడుతుంది. ఒక్కోసారి నొప్పే తెలియదు.”

“నొప్పి లేకపోతే మంచిదేగా?”

“అన్నిటికన్నా చెడ్డది అదేనండీ.”

ఆ రోజు నుంచి కట్టు కట్టే పని ఆయనే తీసుకున్నాడు. రెండోసారి చూపించడానికీ ఆయనే తీసుకెళ్ళి, “ఇంకొన్నాళ్ళు పూయాలిట” అంటూ తిరిగొచ్చాడు. రోజూ పొద్దున్నే గోరువెచ్చటి నీళ్ళు, మందు, గుడ్డపీలికలు పట్టుకుని బొగ్గుతో గదిలోకి వెళ్ళి తలుపేసుకునేవాడు. కూతురు తానూ వస్తానంటే, “కొత్త చెయ్యి తగిలితే కరుస్తుంది” అని ఆపేవాడు. బయటికొచ్చేసరికి పంజాకి పొందిగ్గా కొత్త కట్టు ఉండేది. ఎంతైనా దర్జీ చేతి పని. నాన్నకి దానిమీద ఇంత ప్రేమ పుట్టుకొచ్చిందని ఆమె మురిసిపోయింది.

ఆ మురిపెం ఎన్నాళ్ళో నిలవలేదు. చెత్తబుట్టలో చీము అంటిన పీలికలు రోజురోజుకీ పెరిగాయి. మిషను చప్పుడు ఆగిపోయింది. అదేమంటే బొగ్గు పెడలు మీద పడుకుంటోందిట, లేపబుద్ధి కావడం లేదుట. ఎండలు మండిపోతుంటే ఆయన కాళ్ళకి సాక్సులొకటి. “దానికొక్కదానికే కట్టుంటే చిన్నబుచ్చుకోదూ?” అంటాడు. ఇవాళ ఖాళీ ట్యూబు చూసేసరికి ఆమెకి ఒళ్ళు మండింది.

“గదంతా కంపు కొడుతోంది నాన్నా. అసలు దాన్ని సరిగ్గా కడుగుతున్నావా? అవతల జనం బట్టల కోసం వచ్చి వచ్చి పోతున్నారు. నీ చేతకానితనానికి ఆ నోరులేని జీవి కాలు పోయేట్టుంది!”

ఆ మాటని తర్వాత ఎన్నిసార్లు వెనక్కి తీసుకోవాలనుకుందో లెక్కలేదు. దర్జీ సూదిని చొక్కాకి గుచ్చి పక్కన పెట్టాడు.

“బొగ్గుకి నిన్నటి నుంచి నొప్పి లేదటమ్మా,” అన్నాడు మెల్లగా.

కూతురి చెవిలో డాక్టరమ్మ మాట మోగింది.

“లే బొగ్గూ!” అంటూ గొలుసు అందుకుంది. “నువ్వూ రా నాన్నా.”

“నేనెందుకులే. మీరెళ్ళిరండి.”

తిట్టినందుకు అలిగాడనుకుంది. బతిమాలే తీరిక లేదు. గుమ్మం దాటుతుంటే వెనకనుంచి ఆయన గొంతు వినబడింది.

“దాన్నేం అనకమ్మా. చెప్పుకోలేక ఊరుకుంది, అంతే.”

దారిపొడుగునా బొగ్గు ఆమెని ముందుకి లాక్కుంటూ పరుగెత్తింది. కుంటడం లేదు. నొప్పి తెలియకే కుంటడం లేదనుకుంది ఆమె. అది నాకుతున్నప్పుడే పట్టించుకుని ఉంటే ఇంతదాకా వచ్చేది కాదని ఏడుస్తూనే నడిచింది. దాన్ని డాక్టరమ్మ బల్ల మీదికి ఎక్కించి గట్టిగా కళ్ళు మూసుకుంది.

“కాలు తీసెయ్యాలంటే చెప్పెయ్యండి డాక్టరుగారూ. నేనెలాగో తట్టుకుంటాను. మా నాన్నకే ఎలా చెప్పాలో తెలియడం లేదు.”

కత్తెర చప్పుడైంది. ఆమె భయం భయంగా కళ్ళు తెరిచింది. విప్పిన కట్టు తెల్లగా ఉంది. వేళ్ళ సందున కొత్త బొచ్చు నిగనిగలాడుతోంది. బొగ్గు తోక ఊపుతోంది.

డాక్టరమ్మ కట్టునీ ఆమెనీ మార్చి మార్చి చూసింది.

“ఈ కాలు మానిపోయిందని నెలక్రితమే మీ నాన్నగారికి చెప్పానుగా!”