పీకేసిన వైరు

సకల జనుల సమ్మెకు జనగామ బజారంత బందు. అకీల్ మాత్రం మామ నెట్ సెంటర్ షట్టర్ కిందికి గుంజి, లోపట ఫ్యాను ఏసుకొని కూసున్నడు. దోస్తు మహేశ్‌తోని కలిసి సీ భాషల చాటింగ్ ప్రోగ్రాం రాస్తున్నడు. కంప్యూటర్లను కలిపే సాకెట్ లైబ్రరీతోని, వచ్చిన కనెక్షన్‌ను లోపటికి తీసుకునే లైన్లు రాసిండ్రు. దాన్ని తెంపి బయటికి పంపే లైన్లు రేపు రాద్దామనుకున్నరు.

చీకటి పడంగనే మహేశ్ నర్మెట్టల ఉన్న తన ఇంటికి పోయిండు. గంట తర్వాత, అతను కూసున్న మూలకున్న కంప్యూటర్ నెట్‌వర్క్ వైరును అకీల్ పీకి చుట్టిపెట్టి, కంప్యూటర్‌ను గూడ బంద్ జేసిండు. అయినా తన తెర మీద 'మహేశ్ ఉన్నడు' అన్న లైను పోలేదు. చెప్పకుంట వైరు పీకితే ప్రోగ్రాంకు ఎట్ల ఎరుక? అకీల్ నవ్వుకున్నడు.

గప్పుడే దాని కింద ఇంకో లైను పడ్డది.

'ఒక్కనివే ఉన్నవా?'

అకీల్ గిరుక్కున మూలకు తిరిగిండు. అక్కడి తెర నల్లగనే ఉంది. వైరు చుట్ట బల్ల మీదనే ఉంది. మహేశ్‌కు ఫోన్ కొట్టిండు.

"బువ్వ తింటున్న రా. ఏంది, గంత పరేషాన్‌గున్నవ్?" అన్నడు మహేశ్. ఎనక గిన్నెల సప్పుడు, వాళ్లమ్మ మాటలు ఇనవడుతున్నయి.

"మరి గీడ నీ కంప్యూటర్‌కెంచి..."

తెర మీద మళ్ల లైను పడ్డది.

'ఫోన్ పెట్టెయ్.'

అకీల్ ఉరికి మెయిన్ స్విచ్ ఆపిండు. తెర ఆరింది, లైటు ఆరింది. పైన ఫ్యాను మెల్లమెల్లగ తిరిగి తిరిగి ఆగింది.

ఇంతసేపు దాని మోతల ఇనరాని సప్పుడు గప్పుడు ఇనవడ్డది. చీకట్ల, మూలకున్న కీబోర్డు టకటక కొట్టుకుంటనే ఉంది.