మూడు భాషల్లో ఒకే మాట

తాత తలుపు గడియ పెట్టి, చాలదన్నట్టు దానికి వడ్ల బస్తా అడ్డంగా ఈడ్చాడు.

“ఎంతమంది?” అంది వంటింట్లోంచి అవ్వ.

“ఇరవై దాకా ఉన్నారు. అందరి చేతుల్లో కొడవళ్లు.”

ఊళ్లో సగం ఇళ్లు ఖాళీ అయి, పిల్లల్లేక బడి మూతపడబోతున్న రోజుల్లో వచ్చారు వాళ్లు. కొండలవతల నుంచి కొందరు, ఏటవతల నుంచి కొందరు, సముద్రం దాటి మరికొందరు. మూడు జాతులు, మూడు భాషలు. ఒకరి మాట ఒకరికి తెలియదు, అంతా సైగలే. ఖాళీ ఇళ్లలో దీపాలు వెలిగాయి, బడి నిండింది. తాత కంటికి మాత్రం కునుకు కరువైంది. రోజూ పొద్దున వాళ్లు పనికి పోయే వేళకు కంచె దగ్గర నిలబడి, చెయ్యెత్తి ఒక్క మాట విసిరి, ఆ పౌరుషం మీద కాఫీ తాగేవాడు. వాళ్లు పళ్లన్నీ కనపడేలా నవ్వుకుంటూ పోయేవాళ్లు. ఆ నవ్వే ఆయనకు ముల్లులా గుచ్చుకునేది.

చేను పండి పదిరోజులైంది. కోసే దిక్కు లేదు. వాళ్లను పిలవమని అవ్వ చెవిలో జోరీగలా పోరింది. వాళ్ల కొడవలి పడ్డాక ఆ చేను ఇక తనదెలా అవుతుందని తాత మొండికేశాడు.

ఇప్పుడు పిలవకుండానే వచ్చారు.

కిటికీ సందులోంచి చూశాడు. నల్లమబ్బు కింద కొడవళ్లు తెల్లగా మెరుస్తున్నాయి. ముందున్న పొడుగాటివాడు చెయ్యెత్తాడు.

“పొండి!”

వెనకున్నవాళ్లంతా అందుకున్నారు. “పొండి! పొండి!”

తాత మూలనున్న కర్ర తీశాడు. “విన్నావా? ఇల్లు వదిలి పొమ్మంటున్నారు. మూడు భాషలవాళ్లు ఒకే మాట మీదికొచ్చారంటే, వెనక నేర్పినవాడు ఎవడో ఉన్నాడే. వాడు దొరికితే నాలుక కోస్తాను.”

“ముందు ఆ కర్ర సరిగ్గా పట్టుకో. నీకంటే అదే ఎక్కువ వణుకుతోంది,” అంది అవ్వ.

తలుపు దబదబా మోగింది. బయట గొంతు బడి పంతులమ్మది, తాత మేనకోడలిది. వాన పడేలోగా చేను కోసిపెడతామని వీళ్లే తనను వెంటబెట్టుకొచ్చారని అరిచి చెప్పింది.

తాత బస్తా జరిపి, తలుపు బెత్తెడు తెరిచాడు.

“కోసిపెట్టేవాళ్లు నన్ను పొమ్మంటారేమే?”

పంతులమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వాపుకుంది.

“నమస్కారం పెడుతున్నారు మామయ్యా, రోజూ కంచె దగ్గర నువ్వు నేర్పినట్టే.”