మూర్తిగారి పరిహారం

"ఇల్లు కొనే యోగం ఉందా అంకుల్?" అంటూ శకుంతల అరచెయ్యి చాపింది.

న్యూజిలాండ్‌లోని లోవర్ హట్‌లో తెలుగువాళ్లు ఏ పని తలపెట్టినా ముందు శ్రీనివాసమూర్తిగారికి చెయ్యి చూపించాల్సిందే. దక్షిణ పుచ్చుకోరు. ఇండియాలో ఏం చేసేవారంటే, "ఏదో ఉద్యోగం" అంటారు.

ఆయన జన్మనక్షత్రం అడగలేదు. "ఈమధ్య ఆకలెలా ఉందమ్మా?" అన్నారు.

"నాలుగు ముద్దలకే కడుపు నిండిపోతోంది. ఇన్నాళ్లకి నా డైటింగ్ ఫలించింది."

ఆయన నవ్వలేదు. మందంగా, మఖమల్ గుడ్డలా తయారైన ఆ అరచేతిని బొటనవేలితో తడుముతూ ఉండిపోయారు. అందులో ఇంకెవరి చెయ్యో కనిపిస్తున్నట్టు చూస్తున్నారు. 

"అంట్లు తోమీ తోమీ చేతులు ఇలా అయ్యాయి," అంటూ శకుంతల లాక్కోబోయింది. ఆయన వదల్లేదు. జారిపోతున్న మనిషిని పట్టుకున్నట్టు పట్టుకున్నారు.

"మెడ చూపించు."

"మెడ మీద కూడా రేఖలుంటాయా?"

"శని కూర్చునేది అక్కడే."

నల్లబడిన మెడ చూసి కళ్లు మూసుకున్నారు. "రేపే మీ జీపీ డాక్టరు దగ్గరికి వెళ్లు. ఈ చేతులు చూపించు. కడుపులోకి కెమెరా వేసి చూడమను. రాసిచ్చేదాకా కుర్చీలోంచి లేవకు. అదే పరిహారం."

"శనికి నువ్వులూ నూనే కదా అంకుల్! జీపీతో ఏం పని?"

"ఈ దేశంలో శని వదలాలన్నా జీపీ చీటీ రాయాలి."

ఎదురుగా ఆయన భార్య రాజేశ్వరమ్మగారి ఫోటో, దానికో దండ. ముందు కుంకుమభరిణ పక్కన సగం పిండిన ఆయింట్‌మెంట్ ట్యూబు. ఈ ఊరి గాలికి, పోయినవాళ్లకి కూడా ఒళ్లు పగులుతుంది కాబోలు, అనుకుంది శకుంతల.

ఏ డాక్టరో చెప్పి ఉంటే వాయిదా వేసేదే. శని కాబట్టి మర్నాడే వెళ్లింది.

కడుపులో కేన్సర్. ఇంకా పాకలేదు. కోసి తీసేశారు.

ఆరు నెలలకి, చిక్కి సగమై, పళ్లూ పంచెలచాపూ పట్టుకొచ్చి ఆయన కాళ్లకి దణ్ణం పెట్టింది. "ఏ రేఖలో కనిపించింది అంకుల్?"

మూర్తిగారు ఫోటో వైపు చూడకుండానే, దాని ముందున్న ట్యూబుని చేతిలోకి తీసుకున్నారు.

"రేఖలు నాకు తెలియవమ్మా, ముప్పై ఏళ్లు చర్మవ్యాధుల డాక్టరుగా చేసి, మా ఆవిడ చేతులు అచ్చం ఇలాగే అయినప్పుడు, అంట్లు తోమడం వల్లేనని ఈ ఆయింట్‌మెంట్ రాసిచ్చింది నేనే."