పచ్చదీపం

సన్నిబాబు నుదుటికి పట్టీ కట్టిన రోజు నుంచీ ఆ ఇంట్లో మాటలు తగ్గిపోయాయి.

సిగరెట్ మానలేని వాళ్ళందరికీ ఇప్పుడు ఆ పట్టీ కడుతున్నారు. మాట చెవిన పడగానే బుర్రలో ఏం జరుగుతోందో అది బొమ్మ తీస్తుంది. కాల్చాలన్న యావ తగ్గితే పచ్చదీపం, పెరిగితే ఎర్రదీపం.

మొదటి రోజు భార్య వరహాలు ఎప్పట్లాగే, "మీకేటైనా అయితే నేనేటైపోవాలండీ?" అని ఏడ్చింది. దీపం ఎర్రబడింది. సిగరెట్ పెట్టె మీది పుండ్లు పడ్డ నోటి బొమ్మ చూపించినా ఎరుపే.

"భయపెడితే ఆయన చెయ్యి జేబులోకే పోతోందమ్మా. ఇంట్లో భయం మాటే ఎత్తకండి," అంది ఆస్పత్రి నర్సు.

ఇన్నేళ్ళ తన ఏడుపే ఆయనకి అగ్గిపుల్ల అయిందని వరహాలుకి అప్పుడు తెలిసింది. ఆ తర్వాత కూర గురించీ వాన గురించీ మాత్రమే మాట్లాడింది. సిగరెట్లు నిజంగానే తగ్గాయి.

ఇవాళ వరహాలు తన దగ్గు చూపించుకోవడానికి ఆస్పత్రికి వెళ్ళింది. ఊపిరితిత్తిలో గడ్డ ఉందని చెప్పి, "ఇంట్లో ఎవరు కాలుస్తారమ్మా?" అని అడిగాడు డాక్టరు.

ఇంటికొచ్చేసరికి సన్నిబాబు పులుసుకి చేపలు తోముతున్నాడు.

"పొద్దుట్నుంచీ ఒక్కటీ కాల్చలేదే!" అన్నాడు సంబరంగా. "డాక్టరేటన్నాడు?"

వరహాలు ఆయన నుదుటి వైపు చూసింది.

"దుమ్ము పడట్లేదంటండీ. తగ్గిపోద్దన్నారు."

దీపం పచ్చగానే ఉంది. ఆమె చెంగు నోటికడ్డం పెట్టుకుని, దగ్గడానికి పెరట్లోకి వెళ్ళింది.