పోయినేడు పడిన మందు

“ఒక్క నిమిషం ఆగండమ్మా.”

సిరంజి పట్టుకున్న నర్సుకి ఆమె మళ్ళీ అడ్డు చెప్పింది.

“ఇంకా ఎంతసేపాగాలి? ఆ కాలు చూశారా?”

చూడకేం. మడమలో మేకు దిగిన చోట మొదలైన ఎరుపు పొద్దున చీలమండ దగ్గరే ఉంది. ఇప్పుడు నర్సు పెన్నుతో గీసిన గీత దాటి పిక్క మీదికి పాకింది. మంచం మీద మనిషికి ఒళ్ళు కాలిపోతోంది. పిలిస్తే మూలుగే తప్ప జవాబు లేదు. ఈ విషం రక్తంలోకి ఎక్కితే కాలుతో పోదు, ప్రాణం మీదికి వస్తుందని డాక్టరు చెప్పి వెళ్ళాడు.

“ఈ మందు ఆయనకి పడుతుందో లేదో...”

“ఇందాకటి నుంచీ నేనడుగుతున్నదీ అదే కదమ్మా! ఏ మందైనా పడదా అంటే తెలీదంటారు. ఎప్పుడైనా దద్దుర్లు, ఆయాసం వచ్చాయా అంటే తెలీదంటారు. కాపురం చేస్తున్నది మీరా, నేనా?”

ఆమె తల దించుకుంది.

నర్సు మాట కరుకే గానీ పని ఖచ్చితం. సూది గుచ్చేముందు రోగి పేరు అడగాలి, కార్డుతో సరిచూడాలి, పడని మందులేమిటో తెలుసుకోవాలి, ఒకవేళ వికటిస్తే వెంటనే ఇవ్వాల్సిన మందు ట్రేలో సిద్ధంగా ఉండాలి. వీటిలో ఒక్కటి తప్పినా ఆవిడకి అన్నం సయించదు. రోగి పేరు చెప్పే స్థితిలో లేడు కాబట్టి ఈమెనే అడిగింది. ఆ పేరు చెప్పడానికి ఈమె రెండుసార్లు గుటకలు మింగింది. మొగుడి పేరు చెప్పడానికి ఈ కాలంలో కూడా ఇంత సిగ్గేమిటో అని నర్సు లోపలే నవ్వుకుంది.

అది మిల్లువాళ్ళ ఆసుపత్రి. బయటి తిండి తేకూడదు, చెప్పులతో రాకూడదు, మిల్లు కార్డు లేని బయటివాళ్ళని చేర్చకూడదు, తప్పితే మిల్లులో పని పోతుంది అని గేటు దగ్గరే బోర్డు. చాదస్తమే గానీ లోపల మందులకి కరువు లేదు, మంచాల మీద దుప్పట్లు తెల్లగా ఉంటాయి.

“సరే, నేనింకోసారి కంప్యూటర్లో చూసొస్తాను. ఈలోగా ఆ చెయ్యి కదలకుండా పట్టుకోండి, సెలైన్ సూది ఊడిపోతుంది.”

ఆమె చేతికి తువ్వాలు చుట్టుకుని, దాని మీంచి ఆయన మణికట్టు పట్టుకుంది. మొహం మాత్రం పక్కకి తిప్పుకుంది.

“ఏమ్మా, ఇద్దరికీ ఏమైనా గొడవైందా?”

“లేదండీ.”

“మరి మీ ఆయన కరుస్తారా? సరిగ్గా పట్టుకోండి.”

మంచం మీద మనిషి కళ్ళు సగం తెరిచి, “నువ్వెళ్ళమ్మా... నీకెందుకీ తిప్పలు,” అని గొణిగాడు.

“జ్వరంలో అందరికీ అమ్మే గుర్తొస్తుంది,” అంది నర్సు, కాస్త మెత్తబడి.

ఆమె రెండో చేత్తో ఫోను తీసి చెవి దగ్గర పెట్టుకుంది.

“ఎవరికి?”

“మా అక్కకండీ. బస్సులో ఉంది, అందడం లేదు.”

“మీ ఆయనకి ఏ మందు పడదో మీ అక్కకేం తెలుస్తుంది?”

ఆమె మళ్ళీ నంబరు నొక్కింది. వార్డు తలుపు అద్దంలోంచి ఎవరో తొంగి చూస్తున్నారు. టోపీ కళ్ళ మీదికి లాక్కున్న మనిషి. ఆమె వద్దన్నట్టు తలాడించగానే పక్కకి తప్పుకున్నాడు.

“ఎవరతను?”

“మావాళ్ళేనండీ.”

నర్సు తిరిగొచ్చేసరికి మొహంలో చిరాకు పోయింది. “అనవసరంగా హడలిపోయాం. పోయినేడు చేతి కురుపుకి ఇదే మందు, ఈ ఆసుపత్రిలోనే వేశారు. వారం రోజులూ చక్కగా పడింది. అంతా రాసుంది.”

మామూలుగా అయితే ఈ మాటకి ఎవరికైనా ప్రాణం లేచొస్తుంది. ఆమె మొహం మాత్రం పాలిపోయింది.

“కంప్యూటర్లో ఉన్న ఫోటోలో జుట్టు నిండుగా ఉందే. ఏడాదిలో ఇంత ఊడిపోయిందేమిటి?”

“బెంగండీ.”

“డాక్టరుగారితో కూడా మాట్లాడాను. రికార్డులో ఉందిగా, ఆలస్యం చెయ్యొద్దన్నారు. ఇంక చెయ్యి తియ్యండి.”

నర్సు సిరంజి ఎత్తింది. అప్పుడే ఫోను మోగింది.

“అక్కా! ...ఎప్పుడు? ...మొహమంతానా? ...ఊపిరి కూడానా?”

ఆమె ఫోను పడేసి సిరంజికీ ఆయన చేతికీ మధ్య తన చెయ్యి పెట్టేసింది.

“వెయ్యొద్దండీ. చిన్నప్పుడు ఇదే మందు వేస్తే గొంతు వాచి ఊపిరాగిపోయిందట. చావు తప్పి కన్ను లొట్టపోయినట్టు బతికారట.”

నర్సు ఆగింది. ఇంత మాట విన్నాక మందు వెయ్యదు. కానీ కోపం మాత్రం నషాళానికెక్కింది.

“చిన్నప్పుడంత జరిగిన మనిషి పోయినేడు వారం రోజులెలా వేయించుకున్నాడు? ఏదో ఒకటి అబద్ధం. మందు మార్చమని డాక్టరుగారికి ఏమని చెప్పను? బస్సులో ఉన్న మీ అక్క వద్దందనా? అక్కడ ఎరుపు మోకాలికి ఎక్కుతోంది. నిజం చెప్పండమ్మా, ఒక ప్రాణం.”

ఒక్క మాటతో ఇంట్లో పొయ్యి ఆరిపోతుందని ఆమెకి తెలుసు. మూలుగుతున్న మనిషిని చూసింది. తలుపు వైపు చూసింది. టోపీ మనిషి మళ్ళీ అద్దం దగ్గరికొచ్చి నిలబడ్డాడు. ఈసారి టోపీ తీసేశాడు. నిండుగా ఉంది జుట్టు. కళ్ళు తుడుచుకుని, చెప్పెయ్యమన్నట్టు తలూపాడు.

ఆమె తువ్వాలు వదిలేసి చేతులు జోడించింది.

“పోయినేడు ఆ మందు పడింది మా ఆయనకండీ, ఈయన మా బావగారు.”