పచ్చదీపం వెలిగేదాకా

మిల్లులో పై ఉద్యోగం కావాలంటే మెదడుపట్టీ కట్టుకుని పది నిమిషాలు మనసు చెదరకుండా కూర్చోవాల్సిన కాలమది. రెండుసార్లు తప్పిన సుభాషిణికి ఇదే ఆఖరి అవకాశం. ఆ కంగారులో పొయ్యిమీద పప్పు కుక్కరు పెట్టి మరీ కూర్చుంది మహాతల్లి!

కుక్కరు కూత రాగానే అలవాటుగా "ఒకటి" అని లెక్కపెట్టింది. పట్టీ చురుక్కుమంది, మార్కులు పడిపోయాయి. రెండో కూతకూ అంతే. "వినకే, పిచ్చి మొహమా!" అని తనను తానే తిట్టుకుని, వంటింటి గడప మీది పసుపుబొట్టు వైపే గుడ్లప్పగించి చూసింది. ఆపైన ఏ చప్పుడూ చెవిన పడలేదు.

పది నిమిషాలు నిండగానే పట్టీ మీద పచ్చదీపం వెలిగింది. "గెలిచానత్తయ్యా!" అంటూ వంటింట్లోకి పరుగెత్తింది.

అత్త రత్తమ్మ చేతిని నీళ్లలో ముంచుకుని కూర్చుంది.

"అయ్యో, ఏమైంది?"

"కుక్కరు దించబోతే ఆవిరి కొట్టిందే. గడపలో నిలబడి నాలుగు కేకలేశాను," అంది అత్త. "నువ్వు నా వంకే చూస్తున్నావు."