తలుపవతలికి వినపడే ఉకులేలే

“వినపడలేదండీ,” అంది ఆమె వీధిలోంచి.

లోపల వాయించి చూస్తున్న పెద్దాయన దుకాణం తలుపు తీశాడు. చేతిలో బుల్లి గిటారులాంటి ఉకులేలే, చొక్కా నిండా రంపపుపొట్టు. “ఇదీ కాదా? అనాసపండు ఆకారమమ్మా. నడుము లేదు, పొట్ట పెద్దది, రంధ్రం చిన్నది. అందుకే గొంతు అంత మెత్తగా, నిండుగా పలుకుతుంది. నా చేతిలో తయారైనవాటిలో ఇంత తీపిది లేదు.”

“తీపి వద్దండీ. పక్కన మిక్సీ తిరుగుతున్నా వంటగదిలోకి వినపడాలి.”

“అందరూ పక్కింటికి వినపడనిది ఇమ్మంటారు. మీదంతా ఎదురు!”

ఆమెకు నవ్వే ఓపిక లేదు. గుమ్మానికి ఆనుకుని నిలబడింది.

“పిల్లాడికా?”

“పాటేమీ రాదు, ఊరికే తీగలు మీటడమే. కాని అది చేతిలో ఉన్నంతసేపే కుదురు. మోత వినపడుతుంటే నా పని నేను చేసుకుంటాను. ఆగితే పరుగెత్తాలి. మొన్న ఆగిపోయింది. కుక్కర్ కూతల్లో నాకు తెలియలేదు. కూడలిలో బస్సుల మధ్య నిలబడి ఉంటే, ఎవరో పుణ్యాత్ములు చెయ్యి పట్టుకుని తీసుకొచ్చారు.”

“అంతేనమ్మా, రెప్పపాటులో గడప దాటేస్తారు.”

ఫోన్ మోగింది. అత్తగారు.

“ఇంకా ఎంతసేపే? వాడు చెప్పులు వేసుకున్నాడు. ఈ మోకాళ్ళతో నేను వాడి వెంట పడగలనా?”

“వచ్చేస్తున్నా అత్తయ్యా. గడియ పెట్టండి.”

“పెట్టాను. తలుపు బాదుతున్నాడు.”

పెద్దాయన పై అరలోంచి ఒకటి దింపాడు. ఎనిమిది అంకెలా సన్నని నడుము.

“ఇది అమ్మే సరుకు కాదు. కోస్తుంటే చెయ్యి జారి రంధ్రం పెద్దదైంది. అలా అయితే అడుగు స్వరం పల్చబడి గొంతు పైకి లేస్తుంది. మరీ పదును. చెవికి సుఖం ఉండదు.”

“ఒక్కసారి వాయించండి.”

ఆమె రోడ్డు దాటింది. మరమ్మతు షెడ్డు ముందు లారీ ఇంజను రొద పెడుతోంది. మూసిన తలుపు వెనకనుంచి, ఆ రొదను చీల్చుకుంటూ టింగుమంది. మళ్ళీ టింగుమంది. ఆమె అక్కడే, అరుగు మీద కూలబడింది.

“ఇదే,” అంది తిరిగొచ్చి.

“రోజూ వింటే విసుగొస్తుందమ్మా.”

“విసుగు నాకేం కొత్త కాదులెండి.”

ఇంటికి వచ్చేసరికి అత్తగారు గది తలుపుకి వీపు ఆనించి, నేల మీదే కూర్చుని ఉంది. కోడల్ని చూసి, గోడ పట్టుకుని మెల్లగా లేచింది. లోపల బాదుడు ఆగిపోయింది.

ఆమె గడియ తీసింది. మంచం అంచున వేలాడుతున్న కాళ్ళ దగ్గర నేల మీద కూర్చుంది. ఎడమ చెప్పు కుడికాలికి ఉంది. రెండూ విప్పి పక్కన పెట్టి, ఉకులేలేను ఆ ఒళ్ళో ఉంచింది.

“ఏమండీ, ఇక వాయించండి.”